ఆ ‘ఇతరులు’ ఎవరు? ఓటరు జాబితాలో మూడో గడి గురించి అపోహలు - వాస్తవాలు

ఎన్నికల షెడ్యూలు వెలువడిన మర్నాడు పత్రికల్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: పురుష ఓటర్లు ఇంతమంది, మహిళలు ఇంతమంది, ఇతరులు ఇంతమంది. ఆ చివరి మాట దగ్గర నా చూపు ఆగిపోతుంది. తొమ్మిదేళ్లుగా ఓటరు నమోదు శిబిరాల్లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పక్కన కూర్చుని ఫారాలు నింపుతున్నాను. ‘ఇతరుల’ గురించి పార్టీ కార్యకర్తలు, చదువుకున్నవాళ్లు, అప్పుడప్పుడు అధికారులు కూడా అనే మాటలు వింటూనే ఉన్నాను. వాటిలో ఎక్కువ హాని చేస్తున్నవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: “దేశం మొత్తం వెతికినా వాళ్ల ఓట్లు యాభై వేలు లేవు. ఏ పార్టీ మాత్రం పట్టించుకుంటుంది?”

2024 లోక్‌సభ ఎన్నికల నాటికి థర్డ్ జెండర్‌గా నమోదైన ఓటర్లు 48,272 మంది. అంకె నిజమే. అయితే అది ఆ గడిలో గుర్తు పెట్టినవాళ్ల లెక్క మాత్రమే. 2011 జనగణనలో స్త్రీ, పురుషులు కాక ‘ఇతరులు’గా రాయించుకున్నవాళ్లే 4,87,803 మంది. వారిలో పిల్లలను మినహాయించినా ఈ రెండు అంకెల మధ్య దూరం పూడదు.

మరి మిగిలినవాళ్లు ఎక్కడున్నారు? కొందరి పేర్లు ఎప్పుడో వదిలి వచ్చిన ఊళ్లో, తల్లిదండ్రులు పెట్టిన పేరుతో, పురుషుల కింద ఉండిపోయాయి. కొందరు ట్రాన్స్ మహిళలు, అంటే పుట్టినప్పుడు మగపిల్లలుగా నమోదై మహిళలుగా బతుకుతున్నవాళ్లు, మహిళల గడినే ఎంచుకున్నారు. అందులో తప్పేమీ లేదు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు తమ జెండర్‌ను తామే నిర్ణయించుకునే హక్కును గుర్తించింది. ఇక చాలామంది అసలు జాబితాకే ఎక్కలేదు. 2009 చివరిలో ఎన్నికల సంఘం అనుమతించేదాకా స్త్రీ, పురుషుడు కాక మరో గడే లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

గే, లెస్బియన్, బైసెక్సువల్ ఓటర్లకైతే లెక్కే లేదు. ఓటరు జాబితాలో ఆ వివరం అడగరు. అడగకూడదు కూడా. గోడకు అంటించే జాబితాలో ఎవరు ఎవరిని ప్రేమిస్తారో ఉండాల్సిన పని లేదు. కాబట్టి ఫలానా నియోజకవర్గంలో ‘గే ఓట్లు’ ఇన్ని ఉన్నాయని ఎవరైనా చెబితే అది ఊహే.

ఒక్క మార్పు మాత్రం నాకు సంతోషం కలిగించింది. థర్డ్ జెండర్ ఓటర్లలో 2019లో ఓటేసినవాళ్లు 14.64 శాతం, 2024లో 27.09 శాతం. దేశం మొత్తం మీద అది దాదాపు 66 శాతం. ఇంకా ఎంత దూరం వెళ్లాలో చూడండి.

అపోహ: “ఆపరేషన్ చేయించుకున్న కాగితమో, కలెక్టర్ ఇచ్చిన ధ్రువపత్రమో లేనిదే ఓటు రాయరు.”

నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట ఇదే. ఈ భయంతోనే శిబిరం గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగినవాళ్లను చూశాను. కొత్త ఓటు కోసం ఇచ్చే ఫారం-6లో ఆధారం చూపాల్సింది వయసుకు, చిరునామాకు. జెండర్ మీరు రాసిందే. వైద్య పరీక్ష లేదు, ఆపరేషన్ ప్రసక్తి లేదు.

అదే ఫారంలో బంధువు పేరు రాసే చోటు ఒకటి ఉంటుంది. ఒకసారి ముప్పై ఏళ్లు దాటిన ఒకామె అక్కడికి రాగానే కలం కింద పెట్టేసింది. “అక్కా, నాన్న పేరు రాయకపోతే కుదరదా? ఆయన నన్ను ఇంట్లోంచి పంపేసి పదిహేనేళ్లయింది” అంది. నేను ఆ వరుస మీద వేలు పెట్టి చదివించాను: తండ్రి, తల్లి, భర్త, భార్య, అనాథలైతే చట్టబద్ధ సంరక్షకులు, థర్డ్ జెండర్ అయితే గురువు, అంటే ఇల్లు వదిలి వచ్చినవాళ్లను తన దగ్గర చేర్చుకునే సముదాయం పెద్ద. ఆమె రెండుసార్లు చదువుకుంది. తర్వాత తన గురువు పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, గుండ్రంగా రాసింది. ప్రభుత్వ కాగితంలో ఇంత మనసున్న మాట నాకు మరొకటి కనబడలేదు. విచారమేమిటంటే, అది అక్కడ ఉందని ఆ ఫారాలు పంచేవాళ్లలోనే చాలామందికి తెలియదు.

అపోహ: “అద్దె ఒప్పందం లేదు, సొంత ఇల్లు లేదు, ఇక ఓటెక్కడిది?”

ఇళ్లు అద్దెకు ఇవ్వరు, ఇచ్చినా కాగితం రాయరు. ఈ కష్టం నిజమే. కానీ ఇల్లు లేనివాళ్లకూ ఓటు ఉంది. ఫారంలో రాసిన చోటికి బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నారా అని చూడాలి. ఒక్క రాత్రితో సరిపెట్టకుండా మళ్లీ రావాలి. అది రుజువైతే చిరునామాకు వేరే కాగితం అక్కర్లేదు. రాత్రి పనికి వెళ్లేవాళ్లు ఏ వేళకు ఉంటారో ముందే చెప్పి ఉంచండి. లేకపోతే ‘అక్కడ ఎవరూ లేరు’ అని రాసి వెళ్లిపోతారు.

అపోహ: “కార్డులో పాత పేరు, పాత మొహం ఉన్నాయి. బూత్‌లో అవమానం తప్పదు.”

పేరు, ఫొటో, జెండర్ అన్నీ ఫారం-8తో మార్చుకోవచ్చు. నా సలహా ఒకటే: ముందు ఆధార్ మార్పించండి, దాన్ని ఆధారంగా చూపి ఓటరు కార్డు మార్పించండి. పోలింగ్ వారం దాకా ఆగవద్దు. ఆడవాళ్ల వరుసలో నిలబడాలా, మగవాళ్ల వరుసలోనా అని చాలామంది మథనపడతారు. మీరు ఏ వరుసలో నిలబడ్డారన్నదాన్ని బట్టి ఓటు పోదు. లోపల చూసేది జాబితాలో పేరు, గుర్తింపు.

అపోహ: “గురువు ఎటు చెబితే అందరూ అటే వేస్తారు.”

ఓటు రహస్యం. ఒకే ఇంట్లో ఉండే అయిదుగురు ముగ్గురు వేర్వేరు అభ్యర్థులకు వేశారని తర్వాత వాళ్లే నవ్వుతూ చెప్పుకోవడం విన్నాను.

అపోహ: “పోటీ చేసినా గెలవరు.”

శబ్నం మౌసి 2003 దాకా మధ్యప్రదేశ్ శాసనసభలో సోహాగ్‌పుర్ ఎమ్మెల్యే. 2015లో ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్ మేయర్‌గా మధుబాయి కిన్నర్ స్వతంత్ర అభ్యర్థిగా నెగ్గారు. 2022లో వేలూరు నగరపాలికకు గంగ, ఢిల్లీ నగరపాలికకు బాబీ కిన్నర్ ఎన్నికయ్యారు. తెలుగు నేల మీద 2018లో గోషామహల్ నుంచి చంద్రముఖి, 2023లో వరంగల్ తూర్పు నుంచి పుష్పిత లయ నిలబడ్డారు.

గెలిచాక కూడా పోరు ముగియదు. మధ్యప్రదేశ్‌లోని కట్నీలో మేయర్‌గా గెలిచిన కమలా జాన్ పదవిని కోర్టు రద్దు చేసింది. అది మహిళలకు కేటాయించిన స్థానమనీ, ఆమె మహిళ కాదనీ అన్నారు. 2003లో హైకోర్టూ దాన్నే సమర్థించింది. నల్సా తీర్పు తర్వాత గాలి మారింది. మహారాష్ట్రలోని జల్‌గావ్ జిల్లాలో ఒక ట్రాన్స్ మహిళ పంచాయతీ ఎన్నికల్లో మహిళా స్థానానికి వేసిన నామినేషన్‌ను అధికారి తిరస్కరిస్తే, 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు ఆ తిరస్కరణను కొట్టేసింది. ఆమె పోటీ చేసి గెలిచింది.

గే, లెస్బియన్ అభ్యర్థుల ఇబ్బంది మరో రకం. నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో భార్య లేదా భర్త ఆస్తులు చూపాలి. పాతికేళ్లు కలిసి బతికిన తోడుకు అందులో చోటు లేదు. 2018లో స్వలింగ సంబంధాలపై నేరం ముద్ర తొలగింది గానీ, 2023లో సుప్రీంకోర్టు స్వలింగ జంటల పెళ్లి హక్కును గుర్తించలేదు.

శాసనసభకు పది వేలు, లోక్‌సభకు పాతిక వేలు ధరావతు. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది తిరిగి రాదు. అందుకే వార్డు, పంచాయతీ ఎన్నికల నుంచి మొదలుపెట్టమని నేను చెబుతాను. అక్కడ ఖర్చు తక్కువ, మొహాలు తెలిసినవి.

వార్డుకు నిలబడాలనుకుంటున్న ఒకామె మొన్న నా దగ్గరకు వచ్చింది. కరపత్రం గురించి మాట్లాడకముందే తన వీధి ఓటరు జాబితా తెరిచాం. తనతో ఉండే పన్నెండు మందిలో ఏడుగురి పేర్లే కనిపించాయి. మిగతా అయిదుగురి ఫారాలు ఇప్పుడు నా బల్ల మీద ఉన్నాయి.