కంప్యూటర్ కేబినెట్ కోసే ముందు: చల్లదనం గురించి అపోహలు, వాస్తవాలు

అపోహ: ఫ్యాన్లు ఎన్ని ఎక్కువ పెడితే కేబినెట్ అంత చల్లగా ఉంటుంది.

లెక్క వేసి చూడండి. ఒక మామూలు గేమింగ్ సిస్టమ్ లోడ్‌లో, అంటే బరువైన పని చేస్తున్నప్పుడు, 300 వాట్ల వేడి పుట్టిస్తుందనుకుందాం. లోపలికి వచ్చే గాలికీ బయటికి పోయే గాలికీ తేడా 10 డిగ్రీలు దాటకూడదంటే వాట్లను 1.76తో గుణించి, డిగ్రీలతో భాగించాలి. నిమిషానికి సుమారు 53 ఘనపుటడుగుల గాలి కావాలని తేలుతుంది. 120 మి.మీ. ఫ్యాన్ డబ్బా మీద 50, 60 సీఎఫ్ఎమ్ (నిమిషానికి ఘనపుటడుగులు) అని రాసి ఉంటుంది. అది ముందూ వెనకా ఏ అడ్డూ లేనప్పటి అంకె. జాలీ, ఫిల్టర్, కేబుళ్లు దాటి వెళ్లేసరికి సగం మిగిలితే గొప్పే. అలా చూసినా ముందు రెండు, వెనక ఒకటి చాలు. ఆపైన పెట్టే ఫ్యాన్ ఒకటి రెండు డిగ్రీలు తగ్గిస్తుందేమో గానీ మోత మాత్రం కచ్చితంగా పెంచుతుంది.

అసలు సంగతి ఆ అడ్డులో ఉంది. చాలా పాత కేబినెట్లలో ఫ్యాన్ బిగించే చోట రేకుకే సన్న చిల్లులు కొట్టి వదిలేస్తారు. 3 మి.మీ. చిల్లు, కేంద్రం నుంచి కేంద్రానికి 5 మి.మీ. ఎడం అయితే గాలికి తెరిచి ఉన్నది మూడో వంతే, మిగతాది రేకు. ఆ జాలీని రేకు కత్తెరతో కోసి తీసేసి, దాని బదులు గుండ్రటి తీగ గార్డు బిగిస్తే పాత ఫ్యానే ఎక్కువ గాలి తోలుతుంది, జాలీకి తగిలి వచ్చే ఈల కూడా తగ్గుతుంది. ఈ పనికి కొత్త రంధ్రం అక్కర్లేదు, కొలతలు అక్కర్లేదు. మొదట చేయాల్సింది ఇదే.

ముందు వైపు నిలువునా గాజు పలక ఉన్న కేబినెట్లదీ ఇదే జబ్బు. పలకకు రెండు పక్కలా 5 మి.మీ. సందు, 40 సెం.మీ. ఎత్తు ఉందనుకోండి. గాలి దారి మొత్తం 40 చదరపు సెంటీమీటర్లు. వెనక ఉన్న రెండు 120 మి.మీ. ఫ్యాన్లకు కావాల్సింది, మధ్య మోటారు భాగం తీసేసినా, సుమారు 180. పలకను నైలాన్ స్పేసర్లు, పొడవాటి స్క్రూలతో 20 మి.మీ. ముందుకు జరిపితే దారి 200కి చేరుతుంది. ఖర్చు నాలుగు స్పేసర్లు. చూడటానికి కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది, ఒప్పుకోవాల్సిందే.

అపోహ: పక్క మూత తీసేసి నడిపితే అంతకంటే మంచి కూలింగ్ లేదు.

మూత తీయడం వైద్యం కాదు, పరీక్ష. గదిలో థర్మామీటర్ పెట్టి, ఏసీ ఆపి, అరగంట లోడ్ నడిపి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రతలు రాసుకోండి. తర్వాత పక్క మూత తీసి అరగంట, మూత పెట్టేసి ముందు ప్యానెల్ తీసి మరో అరగంట. ప్రతిసారీ గది ఉష్ణోగ్రత తీసేసి తేడానే పోల్చండి. ముందు ప్యానెల్ తీసినప్పుడు ఐదారు డిగ్రీలు దిగితే లోపలికొచ్చే దారి మూసుకుపోయిందన్నమాట. ముందుది తీసినా మారక, పక్కది తీస్తేనే దిగితే వేడిగాలి బయటికి పోవడం లేదనో, గ్రాఫిక్స్ కార్డుకు తాజా గాలి అందడం లేదనో అనుకోవాలి. ఏది తీసినా తేడా లేకపోతే కేబినెట్ జోలికే వెళ్లొద్దు. హీట్‌సింక్‌లో (వేడిని లాగే లోహపు రెక్కల్లో) దుమ్ము, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఎండిపోయిన పేస్టు, సరిగ్గా కూర్చోని కూలర్ చూసుకోండి. ఈ పరీక్ష చేయకుండా డ్రిల్ పట్టుకునేవాళ్లే ఎక్కువ.

మూత శాశ్వతంగా తీసేస్తే ముందు నుంచి వెనక్కి సాగే గాలి పక్కకు జారిపోతుంది. సొంత ఫ్యాన్ లేని వీఆర్ఎమ్ (ప్రాసెసర్‌కు వోల్టేజీ సర్దే భాగం), ఎస్ఎస్‌డీ లాంటివి వేడెక్కుతాయి. దుమ్ము సంగతి సరేసరి.

అపోహ: వేడిగాలి పైకే పోతుంది కాబట్టి పై ఫ్యాన్లన్నీ బయటికే ఊదాలి.

పైకి పోవడం నిజమే గానీ, అరచేయంత ఫ్యాన్ ముందు ఆ సహజ కదలిక లెక్కలోకి రాదు. పైన వెనక వైపు ఫ్యాన్ ఉపయోగపడుతుంది. పైన ముందు వైపున బయటికి ఊదేది మాత్రం ముందు ఫ్యాన్ అప్పుడే తెచ్చిన చల్లగాలిని ప్రాసెసర్ చేరకముందే లాగేస్తుంది. ఆ చోటు ఖాళీగా వదిలేయండి. ఫ్యాన్ ఎటు ఊదుతుందో అనుమానమైతే నాలుగు కమ్ములున్న వెనక వైపు చూడండి, గాలి అటే వస్తుంది.

అపోహ: బాగా మార్పులు చేస్తే ఎండాకాలంలోనూ లోపల చల్లగా ఉంటుంది.

గది గాలికంటే చల్లగా ఏ ఫ్యానూ చేయలేదు. 2000ల దశకం మధ్యలో ఇంటెల్ మార్గదర్శకాల ప్రకారం వచ్చిన కేబినెట్ల పక్క మూతకు, ప్రాసెసర్ ఎదురుగా, ఒక ప్లాస్టిక్ గొట్టం ఉండేది. గది 35 డిగ్రీలున్నా ప్రాసెసర్ ఫ్యాన్‌కు అందే గాలి 38 దాటకూడదన్నది లక్ష్యం. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో పై అంతస్తు గది ఆ 35ని పొద్దున్నే దాటేస్తుంది. గది 38 ఉంటే 30 ఉన్నప్పటికంటే లోపలి భాగాలన్నీ దాదాపు 8 డిగ్రీలు ఎక్కువే చూపిస్తాయి, అది మార్పులు విఫలమైనట్టు కాదు. అయితే ఆ గొట్టం ఆలోచన ఇప్పటికీ పనికొస్తుంది. అట్టముక్కలతో గొట్టం చేసి టేపుతో అంటించి రెండు రోజులు చూడండి, ఫలితం ఉంటే అప్పుడు మూత కోయండి. ఎయిర్ కూలర్‌ను నేరుగా కేబినెట్ మీదికి తిప్పొద్దు. తుంపరతో పాటు ఉప్పునీటి తెల్లపొర కూడా బోర్డు మీదికి చేరుతుంది.

అపోహ: బోర్డు మీద గుడ్డ కప్పితే చాలు, కేబినెట్ విప్పకుండానే రంధ్రం చేయొచ్చు.

ఇనుప రజను బోర్డు మీద రెండు కాళ్ల మధ్య పడితే ఆ రోజే కాకపోయినా ఎప్పుడో ఒకరోజు షార్ట్ చేస్తుంది. పవర్ సప్లై, ముందు స్విచ్ వైర్లతో సహా అన్నీ బయట పెట్టాకే పని మొదలు.

120 మి.మీ. ఫ్యాన్‌కు స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మి.మీ., 140 ఫ్యాన్‌కు 124.5. రేకుకు రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి, కేంద్రం గుర్తించి, పంచ్‌తో గాటు పెట్టండి. గాటు లేకపోతే డ్రిల్ బిట్ జారి పెయింటంతా గీరుతుంది. మూలల్లో 4.5 మి.మీ. రంధ్రాలు, మధ్యలో డ్రిల్‌కు బిగించి గుండ్రంగా కోసే 114 మి.మీ. హోల్ సా, అంటే దుకాణంలో నాలుగున్నర అంగుళాలది. కోసే ముందు లోపల 25 మి.మీ. ఫ్యాన్ మందం పడుతుందా, ర్యామ్‌కో బోర్డు హీట్‌సింక్‌కో తగులుతుందా కొలవండి. పై రేకు మీద ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

హోల్ సాను నిమిషానికి 100 చుట్ల లోపు వేగంతో నడపాలి. వేగం పెంచితే పళ్లు కాలి మొద్దుబారతాయి, పల్చటి రేకును పట్టుకుని చేతిని మెలితిప్పుతాయి కూడా. వెనక చెక్క పెట్టి రేకును దానికి క్లాంపుతో బిగించండి. డ్రిల్ పక్క హ్యాండిల్ తప్పనిసరి. కళ్లద్దాలు పెట్టుకోండి. డ్రిల్ తిరుగుతున్నప్పుడు గుడ్డ గ్లవ్స్ వద్దు, చుట్టుకుంటాయి. కోసిన రేకు పట్టుకునేటప్పుడు మాత్రం వేసుకోండి.

ఒక్క రంధ్రానికి హోల్ సా కొనడం దండగనిపిస్తే గుండ్రటి గీత గీసి, దాని లోపలి వైపు వరసగా 3 మి.మీ. రంధ్రాలు వేసి, మధ్య ముక్కల్ని కత్తెరతో తెంపి, హాఫ్ రౌండ్ ఆకురాయితో అరగదీయండి. ఒక సాయంత్రం పడుతుంది, పని మాత్రం శుభ్రంగా వస్తుంది. గ్రైండర్‌తో గుండ్రంగా కోయాలని చూడొద్దు. అది నేరు గీతలకే. నిప్పురవ్వలకు పెయింటు కాలుతుంది, రేకు వంకర పోతుంది.

అంచుకు ప్రైమర్ పూయండి. విశాఖ, కాకినాడ గాలికి పచ్చి అంచు తొందరగా తుప్పు పడుతుంది. పైన యూ ఆకారపు రబ్బరు బీడింగ్ తొడిగి, రేకును నీళ్లతో కడిగి, ఆరాక ప్లాస్టిక్ కవర్లో పెట్టిన అయస్కాంతాన్ని ఇనుప రజను అంటుకునేలా మూలమూలలా తిప్పండి.

రంధ్రాలు చేసేది కేబినెట్‌కే. పవర్ సప్లై డబ్బాను విప్పడం, దానికి చిల్లు పెట్టడం వద్దే వద్దు. ప్లగ్ పీకాక కూడా దాని కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

అపోహ: లోపలికి తోసే ఫ్యాన్లు ఎక్కువుంటే దుమ్మే రాదు.

ఆ ఫ్యాన్లకు ఫిల్టర్ ఉంటేనే. లేకపోతే దుమ్మును మీరే పంపు పెట్టి లోపలికి తోస్తున్నట్టు. కిటికీలకు వేసే దోమల జాలీ వెంట్రుకల్నీ నూగునూ ఆపుతుంది, సన్న దుమ్మును ఆపదు. రోడ్డు పక్క ఇల్లయితే రెండు మూడు వారాలకోసారి కడగాలి. మూసుకుపోయిన ఫిల్టర్‌కంటే ఫిల్టర్ లేకపోవడమే నయం.

అపోహ: స్ప్లిటర్ (ఒక ప్లగ్‌ను పలు ప్లగ్‌లుగా చీల్చే వైరు) ఉంటే బోర్డు మీద ఫ్యాన్ తగిలించే ఒకే హెడర్‌కు ఎన్ని ఫ్యాన్లయినా తగిలించొచ్చు.

బోర్డు ఫ్యాన్ హెడర్‌కు సాధారణంగా 1 ఆంపియర్ వరకే హద్దు. ఫ్యాన్ లేబుల్ మీద ఆంపియర్లు కూడండి. 0.25వి మూడు పెట్టొచ్చు, నాలుగు పెడితే హద్దు మీద ఉన్నట్టే. ఫ్యాన్ లైట్ల ప్లగ్ వేరే. 5 వోల్టుల మూడు పిన్నుల లైటును 12 వోల్టుల నాలుగు పిన్నుల హెడర్‌లో బలవంతంగా దూర్చితే లైట్లు కాలిపోతాయి.

అపోహ: కోసిన తర్వాత కేబినెట్ షాక్ కొడుతోందంటే కోతలో ఏదో వైరు తెగింది.

చాలాసార్లు కారణం గోడలోని ఎర్తింగ్. పవర్ సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, ఎర్త్ లేని సాకెట్‌లో పెట్టిన ఏ కేబినెట్ రేకు మీదైనా మెయిన్స్‌లో సగం, అంటే 115 వోల్టుల దాకా కనిపిస్తుంది. కరెంటు బాగా తక్కువ కాబట్టి చిమచిమలాడుతుంది. ఇన్నాళ్లూ పెయింటు దాన్ని దాచింది, ఇప్పుడు పచ్చి అంచు చేతికి తగిలింది. మొదట ఫ్యాన్ వైర్లు ఎక్కడైనా అంచుకు ఒరుసుకున్నాయేమో చూసి, తర్వాత ఎలక్ట్రీషియన్ చేత ఆ సాకెట్‌లో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 వోల్టులు వస్తున్నాయో లేదో కొలిపించండి. రాకపోతే అది బాగయ్యేదాకా ఆ సాకెట్‌లో కేబినెట్ పెట్టొద్దు.