గోలీసోడా సూత్రం, మానని పడకపుండు

తాటిచెట్టు మీద మోకు జారి పడిన తన అన్నకు వెన్నుపూస విరిగి నడుము కింద స్పర్శ పోయిందని, నడుము కింది ఎముక మీద లేచిన పుండు నెలల తరబడి మానడం లేదని, గాలి ఒత్తిడి పెంచి శుద్ధ ఆక్సిజన్ పీల్పించే ఆక్సిజన్ గదిలో పడుకోబెడితే మానుతుందంటున్న మాట నిజమేనా అని నకిరేకల్ దగ్గరి పాఠకుడొకరు అడిగారు. గీత కార్మికుల ఊళ్లున్న నల్లగొండలో ఇది చాలా ఇళ్ల ప్రశ్న.

మామూలు గాలి పీల్చినప్పుడే రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ నూటికి 97 పాళ్లు ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది. మరి అదనంగా ఎక్కించేది ఎక్కడికి? గోలీసోడాను చూడండి. గ్యాసును ఒత్తిడితో ఎక్కిస్తే నీళ్లలో కరుగుతుంది. ఒత్తిడి రెట్టింపైతే కరిగే గ్యాసూ రెట్టింపవుతుంది. 1803లో విలియం హెన్రీ చెప్పిన సూత్రమిదే. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా ఆ సోడానీళ్ల వంటిది. మామూలుగా 100 మిల్లీలీటర్ల రక్తంలో కరిగి ఉండే ఆక్సిజన్ 0.3 మిల్లీలీటర్లే, 3 వాతావరణ పీడనాల వద్ద, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి మూడింతల్లో, శుద్ధ ఆక్సిజన్ పీలిస్తే అది సుమారు 6కు చేరుతుంది. విశ్రాంతిగా ఉన్న శరీరం ఆ 100 మిల్లీలీటర్ల నుంచి వాడుకునేది దాదాపు 5 మిల్లీలీటర్లే. ఈ ధైర్యంతోనే 1960 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో సర్జన్ బోరెమా బృందం పందిపిల్లల ఎర్రకణాలను దాదాపు పూర్తిగా తీసేసి కూడా వాటిని పీడన గదిలో బతికించింది. చికిత్సలో సాధారణంగా వాడేది 2 నుంచి 2.5 వాతావరణాలే. గోలీ నొక్కిన సోడాలో గ్యాసు నిలవనట్టే, గది దాటి వచ్చాక ప్లాస్మాలోని అదనపు ఆక్సిజన్ కూడా నిలవదు కనుక, రోజుకు గంటన్నర చొప్పున 20 నుంచి 40 సార్లు పడుకోబెడతారు. ఆ కాసేపటి ఆక్సిజన్‌తోనే తెల్లకణాలు సూక్ష్మజీవులను చంపే రసాయనాలు తయారుచేసుకుంటాయి. పుండును పూడ్చే ప్రోటీన్ పోగు కొల్లాజెన్. ఆక్సిజన్ అందితేనే అందులోని ప్రోలిన్ అనే భాగానికి హైడ్రాక్సిల్ అనే చిన్న రసాయన ముక్క తగిలి, కొల్లాజెన్ మూడు పోగులు గట్టిగా పెనవేసుకుంటాయి.

అయితే సోడా పుండు దాకా చేరాలి కదా! కేశనాళికలో, అంటే వెంట్రుకంత సన్నని రక్తనాళంలో, రక్తపు ఒత్తిడి ఇంచుమించు 32 మిల్లీమీటర్ల పాదరసం మాత్రమే. ఎముకకూ పరుపుకూ నడుమ నలిగే చర్మం మీద అంతకు మించిన బరువు పడితే నాళిక మూసుకుపోతుంది. స్పర్శ లేని మనిషికి కదలాలని తోచదు. మధుమేహపు పాదాల పుండ్లలో ఈ చికిత్సను ఎక్కువగా పరీక్షించారు గానీ, పడకపుండ్లకు గట్టి రుజువు ఇంకా రాలేదు. పడినప్పుడు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి, దానికి చికిత్స జరగకుంటే గదిలోకి పంపనే కూడదు.

గాలి సోకిందని పుండు మీద బూడిద చల్లడం, కింద సైకిల్ ట్యూబు చుట్టి పెట్టడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది; ఆ ట్యూబు చుట్టూతా రక్తాన్ని ఆపేస్తుంది. దాన్ని తీసేసి, అన్నగారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. మిగిలిన చోట్ల ఎర్రబడ్డ చర్మాన్ని వేలితో నొక్కి వదలండి: తెల్లబడకపోతే అక్కడా పుండు మొదలైనట్టే. నల్లని ఒంటిపై ఎరుపు తెలియదు గనుక వేడి, గట్టిదనం తడిమి చూడాలి. పుండు అడుగున ఎముకకు చీము పట్టిందేమో సర్జన్‌కు చూపించి, ఆ తరువాతే ఆక్సిజన్ గది సంగతి అడగండి.