తాకట్టుకు రాని వాచీ

పెళ్లి మాటల్లో పాత తగువొకటి మళ్లీ మొదలైంది. అల్లుడికి పెట్టే బంగారంలో కొంత తగ్గించి ఆ డబ్బుతో స్విస్ వాచీ కొనొచ్చా? భీమవరం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు రొయ్య ధర బాగున్న ఏడాది ఈ మాట ఒక రకంగా వినబడుతుంది, బాగోని ఏడాది ఇంకో రకంగా. కుర్రాళ్లు "వాచీ కూడా ఆస్తేనండీ, ఏటేటా రేటు పెరుగుద్ది" అంటారు. పిల్ల తండ్రులు "పెట్టుకుంటానంటే కొంటాం బాబూ, ఆస్తి అని మాత్రం అనకండి" అంటారు. ఇచ్చేది కట్నం కాదు, కానుకేనని మాత్రం ఇద్దరూ ఒకే మాట మీదుంటారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఊసు ఆ వాకిట్లో ఎవరూ ఎత్తరు.

గోదావరి డెల్టా గురించి ఏం రాసినా కాటన్ దొర ఆనకట్టతో కథ మొదలుపెట్టడం మా రాతగాళ్లకు ఓ అలవాటు. ఈసారికి మానేద్దాం. హెచ్‌ఎంటీ కీ వాచీలు, టైటాన్ రాక, గల్ఫ్ నుంచి సూట్‌కేసుల్లో దిగిన సీకోలు, రాడోలు కూడా చదివేవాళ్లకు తెలిసినవే. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. అప్పట్లో వాచీ లాంఛనం. అలకపాన్పు ఎక్కిన అల్లుడు దిగడానికి అడిగే సైకిలు, ఉంగరం, రేడియోల వరసలో అదొకటి. అమ్మితే ఎంతొస్తుందని ఎవరూ లెక్కేసేవారు కాదు. అత్తారు పెట్టిన వాచీ అమ్ముకున్నాడంటే ఊళ్లో తలెత్తుకోలేని పరిస్థితి.

ఆ వాచీకి మారు ధర, అంటే తిరిగి అమ్మితే వచ్చే ధర ఒకటి ఉందని డెల్టాకు తెలిసిందెప్పుడు? నన్నడిగితే 2021 జనవరి నుంచి 2022 ఉగాది దాకా నడిచిన ఆ పదిహేను నెలల్లో. ఇప్పటి వాదనంతా అక్కడ పుట్టిందే.

2021 జనవరిలో స్విస్ కంపెనీ పటేక్ ఫిలిప్ తన నాటిలస్ వాచీల్లో అందరూ ఎగబడే 5711 స్టీలు మోడల్‌ను ఆపేస్తున్నట్టు తెలిసింది. అప్పటికే కరోనా వల్ల విమానాలు లేవు, హోటళ్లు లేవు, డబ్బున్నవాళ్ల చేతిలో డబ్బు కదలకుండా ఉంది. కొత్త వాచీ కావాలంటే షాపులో పేరు రాయించుకుని ఎదురుచూడాలి. ఎంతకాలమో షాపువాడు కూడా చెప్పడు. ఎదురుచూడలేనివాళ్లు పక్క బజారులో అదే వాచీని షాపు ధరకు రెండు మూడు రెట్లు పెట్టి కొన్నారు. ఆ డిసెంబరులో టిఫానీ నగల కంపెనీ లేత నీలం రంగు డయల్‌తో 170 మాత్రమే చేసిన 5711ల్లో మొదటిది న్యూయార్క్ వేలంలో 65 లక్షల డాలర్లు పలికింది. దాని షాపు ధర 52 వేల డాలర్ల చిల్లర. రోలెక్స్ డేటోనా స్టీలు వాచీదీ ఇంచుమించు ఇదే దారి. షాపు నుంచి బయటికి వచ్చిన మరునిమిషం ధర పెరిగే వస్తువు అని యూట్యూబు నిండా వీడియోలు వచ్చాయి.

సరిగ్గా ఆ ఏడాదే మన దగ్గరా డబ్బు ఆడింది. 2021-22లో దేశం నుంచి సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 776 కోట్ల డాలర్లకు చేరి అప్పటివరకూ ఉన్న రికార్డులు దాటింది. అందులో పెద్ద వాటా రొయ్యది, రొయ్యలో పెద్ద వాటా ఆంధ్రాది. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక ఉండి, ఆకివీడు, భీమవరం చుట్టూ వరి చేలు చెరువులైన సంగతి చెప్పక్కర్లేదు. చెరువు డబ్బుతో పెరిగిన పిల్లలకి, హైదరాబాదులోనో డల్లాస్‌లోనో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న వాళ్ల అన్నదమ్ములకి ఆ వీడియోలు కనబడ్డాయి. అంతకుముందు "మంచి వాచీ" అన్న నోళ్లే అప్పట్నుంచి "ఇన్వెస్ట్‌మెంట్ పీస్" అనడం మొదలెట్టాయి.

2022 మార్చిలో అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీలు పెంచడం మొదలుపెట్టింది. క్రిప్టో కరెన్సీలు కూలాయి. పాత వాచీల ధరలు ఆ వేసవి నుంచే దిగడం మొదలుపెట్టి రెండేళ్ల పాటు జారుతూనే వచ్చాయి. అదే ఏడాది రెండో సగంలో ఈక్వెడార్ రొయ్య ప్రపంచ బజారును ముంచెత్తింది. మన దగ్గర కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క) మీద కట్టే రొయ్య ధరలు పడిపోయి రైతులు రోడ్డెక్కితే ప్రభుత్వం ధర నిర్ణయించాల్సి వచ్చింది.

రెండూ కలిసి పెరిగి కలిసి పడ్డాయన్న ఈ సంగతిని కుర్రాళ్ల వాదన దాటవేస్తుంది. చెరువు దెబ్బతిన్నప్పుడు ఆదుకునేదాన్నే డెల్టాలో ఆస్తి అంటారు. మేత బాకీ తీర్చాలి, డీజిల్ పోయించాలి, వైరస్ వచ్చి ఖాళీ చేసిన చెరువులో మళ్లీ రొయ్య పిల్ల వేయాలి. ఆ రోజు ఇంటావిడ మెడలోది తీసి బ్యాంకుకు తీసుకెళ్తే సాయంత్రానికి డబ్బు చేతికొస్తుంది. బంగారం విలువలో నూటికి 75 దాకా, చిన్న అప్పులకైతే ఇంకాస్త ఎక్కువ ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. రొయ్యల పట్టుబడి అయ్యాక విడిపించుకోవచ్చు, వస్తువు వస్తువులాగే తిరిగొస్తుంది. పొలం కాగితాల మీదా అప్పు పుడుతుంది. డేటోనా పట్టుకుని సొసైటీ బ్యాంకుకు వెళ్తే మేనేజరు టైమెంతైందో చూసి తిరిగిచ్చేస్తాడు. దానికి తూకం లేదు, గీటురాయి లేదు. అసలుదో నకిలీదో తేల్చేవాడు ఇక్కడ లేడు. అమ్మాలంటే హైదరాబాదు వెళ్లాలి, లేదా వాట్సాప్‌లో ఫొటోలు పంపి అవతలివాడు చెప్పిన ధరకు తలూపాలి. పెట్టె, వారంటీ కార్డు, బిల్లు లేకపోతే ఆ ధర ఇంకా తెగ్గోస్తారు. దుబాయిలో కొని చేతికి పెట్టుకుని విమానం దిగేసిన వాచీకి బిల్లు చూపించమంటే ఏం చెబుతారు?

పిల్ల తండ్రులు ఇంత వివరంగా చెప్పరు. "ఎంతిస్తారండీ దానిమీద?" అని ఒక్క ముక్క అడిగి ఊరుకుంటారు.

ఇక్కడ యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. 1972లో రెండు చోట్ల, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రెండు పనులు జరిగాయి. స్విట్జర్లాండులో ఒడెమార్ పీగే కంపెనీ డిజైనర్ జెరాల్డ్ జెంటా గీసిన రాయల్ ఓక్ వాచీని బజారుకు తెచ్చింది. అది స్టీలు వాచీ, ధర మాత్రం బంగారు వాచీలను మించింది. 1969 డిసెంబరులో సీకో క్వార్ట్జ్ వాచీ వచ్చాక స్విస్ పరిశ్రమ ఊపిరాడక కొట్టుకుంటున్న కాలమది. లోహం వల్ల రాని విలువ గీతవల్ల, పేరువల్ల వస్తుందని వాళ్లు పందెం కాశారు, గెలిచారు. నాలుగేళ్ల తర్వాత నాటిలస్ గీసింది కూడా జెంటాయే.

అదే 1972లో మన ఆర్థిక చట్టం నగలను "వ్యక్తిగత వాడుక వస్తువుల" జాబితాలోంచి తీసేసింది. అప్పటిదాకా సొంతానికి వాడుకునే నగ అమ్మితే వచ్చే లాభానికి మూలధన లాభాల పన్ను లేదు. ఆ తర్వాత వచ్చిపడింది. బట్టలు, సామాను, మామూలు వాచీ లాంటి వాడుక వస్తువులు మాత్రం మినహాయింపులోనే మిగిలాయి. అంటే చట్టం దృష్టిలో వంకీ ఆస్తి, స్టీలు రోలెక్స్ వాడుక సామాను. బంగారు కేసు, వజ్రాలు పొదిగిన డయల్ అయితే నగల నిర్వచనంలోకి లాగే వీలుంది కాబట్టి ఆడిటరు గారిని అడక్కుండా అడుగు వేయకూడదు.

"మరింకేం, లాభమొస్తే పన్ను కూడా లేదు కదండీ" అని కుర్రాళ్లు ఇక్కడ ఎగిరి గంతేస్తారు. తిరకాసు అక్కడే ఉంది. వాడితేనే అది వాడుక వస్తువు. ధోల్‌పూర్ మాజీ సంస్థానాధీశుడు మహారాజ రాణా హేమంత్ సింగ్ తన బంగారు నాణేలు, వెండి కడ్డీలు లక్ష్మీపూజలో పెడతామని, కాబట్టి అవి సొంత వాడుక వస్తువులేనని వాదిస్తే 1976లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఏడాదికోసారి పూజలో పెట్టినంత మాత్రాన సరిపోదు, మనిషి మామూలుగా, తనకంటుకుని వాడుకునేదై ఉండాలంది. ఇప్పుడు ఆలోచించండి. పైన అంటించిన ప్లాస్టిక్ పొర కూడా తియ్యకుండా, ధర తగ్గుతుందని చేతికి పెట్టుకోకుండా బ్యాంకు లాకర్లో దాచిన వాచీ ఏ లెక్కన వాడుక వస్తువు? ఏడాదికి నాలుగు కొని నాలుగు అమ్మేవాడిదైతే నేరుగా వ్యాపారమే. పోనీ నష్టం వచ్చిందనుకుందాం. వాడుక వస్తువు మీద వచ్చిన నష్టాన్ని ఎందులోనూ సర్దుకోనివ్వరు. చట్టం వాచీని చేతికి పెట్టుకునేవాడి పక్షాన ఉంది.

2025లో ఇంకో మెలిక వచ్చింది. ఏప్రిల్ 22న కేంద్రం పది లక్షలు దాటిన చేతి వాచీల మీద అమ్మేవాడే నూటికి ఒకటి చొప్పున పన్ను వసూలు చేసి కట్టాలని ప్రకటించింది. అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ, పాన్ నంబరుతో సహా కొన్నవాడి వివరం ఆదాయపు పన్ను శాఖ దగ్గరికి వెళ్తుంది. హ్యాండ్‌బ్యాగులు, కళ్లజోళ్లు, పడవలతో కలిపి వాచీని విలాస ఖర్చు కింద రాసుకున్నారు. అదే వారంలో పది గ్రాముల బంగారం లక్ష తాకింది. 2015లో అది 26 వేల దరిదాపుల్లో ఉండేది.

అవతలి పక్షానికీ ఒక న్యాయం ఉంది, చెప్పాలి. 2015 ప్రాంతంలో వరసలో నిలబడి షాపు ధరకే స్టీలు డేటోనా కొన్నవాడు నష్టపోలేదు. రోలెక్స్ ఈ మధ్య దాదాపు ప్రతి జనవరిలోనూ ధర పెంచుతోంది. 2022 చివర్లో కంపెనీయే పాత వాచీలకు తన ముద్ర వేసి అమ్మించడం మొదలుపెట్టింది కాబట్టి మారు బజారుకు కొంత నమ్మకం వచ్చింది. అయితే పెరిగిందనుకున్న దాంట్లో ఎంత వాచీది, ఎంత రూపాయిది? 2015లో స్విస్ ఫ్రాంకు 65 రూపాయల చుట్టుపక్కల ఉండేది, 2025లో వంద దాటింది. వాచీ ఏమీ చేయకుండా లాకర్లో కూర్చున్నా రూపాయల్లో దాని ధర పెరుగుతుంది. పైగా పేరు రాయించుకున్న ప్రతివాడికీ డేటోనా రాదు. ముందు ఇంకో రెండు వాచీలు కొన్నవాళ్లకు, పరిచయమున్నవాళ్లకు వస్తుంది. అంత పరిచయం నరసాపురం కుర్రాడికి ఉండదు కాబట్టి అతను కొనేది మారు బజారులో, పెరిగిన ధరకే. లాభం అంతకుముందే ఇంకెవరో తినేసి ఉంటారు.

వేలాల్లో పెద్ద ధర పలికిన వాచీల సంగతీ తరచూ ఎత్తుతుంటారు. 2017 అక్టోబరులో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ డేటోనా న్యూయార్కులో కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆ డయల్ కొత్తలో షాపుల్లో కదిలేది కాదు. భార్య కొనిపెట్టి, జాగ్రత్తగా బండి నడపమని వెనక చెక్కించి ఇచ్చింది. ఆయన రోజూ పెట్టుకున్నాడు, కార్ల పందేల్లోనూ పెట్టుకున్నాడు, చివరికి కూతురి స్నేహితుడికి ఇచ్చేశాడు. దాన్ని పెట్టుబడి పక్షం వాళ్లు సాక్ష్యంగా తేవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇక కొత్తగా తగువు రాజుకోవడానికి కారణం సుంకాలు. 2025 ఆగస్టులో అమెరికా స్విస్ సరుకు మీద 39 శాతం, మన సరుకు మీద 50 శాతం వేసింది. మన రొయ్యా వాళ్ల వాచీ ఒకే నెలలో ఒకే గుమ్మం దగ్గర ఆగాయి. నవంబరులో స్విస్ వాళ్లు 15కు మాట్లాడుకున్నారు. మనకి అప్పటికింకా తెమల్లేదు. ఆ లోపే, అక్టోబరు 1న, స్విట్జర్లాండు, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్‌లతో మన వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద ఇరవై శాతం పైచిలుకున్న దిగుమతి సుంకం ఏడేళ్లలో మెట్లు మెట్లుగా తీసేస్తారు.

పెట్టుకునేవాడికి ఇది శుభవార్త. ఈ మాఘంలో కాకపోతే వచ్చే మాఘంలో కొంటాడు. దాచుకున్నవాడికి అంత శుభం కాదు. పూర్తి సుంకం కట్టి కొన్నది అతను, అమ్మే రోజుకి పక్కన కొత్తది సుంకం లేకుండా షాపులో ఉండొచ్చు. కంపెనీలు ఆ తగ్గింపును జేబులో వేసుకుని ధర అలాగే ఉంచుతాయని కుర్రాళ్ల ధీమా. ఉంచినా ఉంచుతాయి.

బ్యాటరీ లేని ఇలాంటి వాచీకి నడిచినా నడవకపోయినా లోపలి నూనె ఆరుతుంది, రబ్బరు వాషర్లు బిగుసుకుంటాయి. మన ఉప్పుగాలి గురించి చెప్పేదేముంది. రోలెక్స్ వాడే 904ఎల్ స్టీలు ఉప్పునీటికి బాగా తట్టుకునేదే, చెరువు గట్టు మీద ఏరేటర్ల పక్కన తిరిగేవాడి చేతికి సరిపోయేదే. అలాంటి చేతికి మాత్రం అది ఎక్కదు, ఫంక్షన్ హాల్ దాకా వెళ్లి వస్తుంది. పదేళ్లకోసారి సర్వీసు చేయించమని కంపెనీ సలహా, ఖర్చు పదుల వేలు. బంగారానికైతే మెరుగు పెట్టించడమే. ఈ ఏడాది పీటల మీద కట్టిన వాచీకి సుంకాలన్నీ పోయిన కొన్నేళ్లకి ఆ సర్వీసు వస్తుంది. ఆ బిల్లు అత్తారిదా, అల్లుడిదా అన్నది పెళ్లి మాటల్లో ఇంకా ఎవరూ తేల్చుకోలేదు.