మిద్దె మీద నుంచి దూకితే మోకాలికి ఎంత బరువు?

కర్నూలులో ఇంటర్మీడియట్ చదివే ఒక అబ్బాయి అడిగాడు: "సినిమాలో హీరో మూడంతస్తుల మేడ మీద నుంచి దూకి, ఒక్క దొర్లు దొర్లి మళ్లీ పరుగెత్తుతాడు. అది సాధ్యమేనా సార్?" ఇలా గోడలు, మిద్దెలు దూకుతూ పరుగెత్తే విద్యను పార్కూర్ అంటారు; ఫ్రాన్సులో పుట్టిన ఆ విద్య చరిత్రలోకి నేను వెళ్లను. కాలు నేలను తాకిన తర్వాతి క్షణమే నాకు ఇష్టం.

మన పాత మిద్దె ఎత్తు 3 మీటర్లు అనుకుందాం. నేలకు చేరేసరికి వేగం గంటకు 28 కిలోమీటర్లు. కాళ్లు బిగదీసుకుని కడప బండల మీద పడితే శరీరం 5 సెంటీమీటర్లలో ఆగాలి. పడిన ఎత్తును ఆగే దూరంతో భాగించాలి: 300 సెంటీమీటర్లను 5తో భాగిస్తే 60, దానికి సొంత బరువు ఒకటి కలపండి. ఒంటి బరువుకు 61 రెట్లు! అదే పాదాల ముందు భాగం మీద దిగి, మోకాళ్లు, తుంటి వంచుతూ 60 సెంటీమీటర్లు కుంగితే 6 రెట్లే. 70 కిలోల మనిషికి 420 కిలోలు, సెకనులో ఆరో వంతు సేపు. ఇది సగటు మాత్రమే, గరిష్ఠం ఇంకా ఎక్కువ. సాధన చేసిన కాళ్లు తట్టుకుంటాయి. తరగతిలో పడే వేగం దగ్గరే పాఠం ఆపేస్తారు, ఆగే దూరం ఊసే ఎత్తరు. అసలు కథ అక్కడే ఉంది.

దొర్లితే దెబ్బ మాయమవుతుందనుకోవడం అపోహ. భుజం నుంచి ఎదుటి వైపు తుంటి దాకా వీపు మీదుగా ఏటవాలుగా సాగే ఆ దొర్లు, ముందుకు పోయే వేగాన్ని భ్రమణంగా మారుస్తుంది, ఆగే దూరాన్ని కొంత పెంచుతుంది. కిందికి వచ్చే వేగంలో ఎక్కువ భాగాన్ని కాళ్లే భరించాలి. మూడంతస్తులంటే 10 మీటర్లు: అదే 60 సెంటీమీటర్లకు దాదాపు 18 రెట్లు. దూకే ముందు కట్టుకునే ఆంజనేయస్వామి తాయెత్తు ఆ 60 సెంటీమీటర్లను 61 చేయదు. సినిమావాళ్లు తీగలు కడతారు, కింద గాలి పరుపు వేస్తారు. పరుపు చేసే పని కూడా ఆగే దూరం పెంచడమే.

5 మీటర్లు పడిన హీరోయిన్‌ను హీరో ఒంటిచేత్తో పట్టుకోవడం మరీ ఘోరం. చేయి పావు మీటరు సాగిందనుకున్నా 21 రెట్లు. ఆమె 50 కిలోలైతే అతని భుజం మీద టన్నుకు పైగా పడుతుంది.

మిద్దె నుంచి మిద్దెకు గెంతడాన్ని మాత్రం నమ్మవచ్చు. సెకనుకు 8 మీటర్ల వేగంతో పరుగెత్తి అర మీటరు పైకి లేస్తే గాలిలో 0.64 సెకను ఉంటారు, అంటే 5 మీటర్ల సందు దాటవచ్చు. తెర మీద 7 మీటర్ల సందు కనిపిస్తే అవతలి మిద్దె ఎత్తు చూడండి: అది కనీసం ఒక మీటరు కిందికి ఉండాలి.