రెండు రోజుల గంజి

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవులు చిన్నాకు, బుజ్జికి అమ్మమ్మ ఆశీస్సులు.

మీరు వెళ్లిన మర్నాడు సోఫా కింద టీవీ రిమోట్ దొరికింది. దాంతోపాటు బుజ్జి రబ్బరు బ్యాండ్లు మూడు, సగం కొరికిన అరిసె ఒకటి. అరిసె చీమలకు వదిలేశాను. మిగతావి దాచాను.

ఆ రాత్రి మనం చూసిన 'ఆర్డినరీ ఏంజెల్స్' సినిమా అయిపోగానే బుజ్జి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది. చిన్నా మాత్రం, "ఇలాంటివి సినిమాల్లోనే జరుగుతాయి అమ్మమ్మా. మా అపార్ట్‌మెంట్లో పక్క ఫ్లాట్ అంకుల్ పేరే నాకు తెలీదు" అన్నాడు. అప్పుడు నాకు జవాబు తట్టలేదు. పెరుగన్నం తినండి అని లేచాను. ఫోన్లో చెబుదామంటే సగంలోనే "సిగ్నల్ లేదు అమ్మమ్మా" అంటారు. అందుకే ఉత్తరం.

ముందు ఆ సినిమా సంగతి. అది అమెరికాలో లూయీవిల్ అనే ఊళ్లో 1994 జనవరిలో నిజంగా జరిగిందే. ఇళ్లకు పైకప్పులు వేసే మనిషి, భార్య పోయింది, ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి కాలేయం పాడైంది. మార్చాలంటే దూరాన ఒమాహా ఊరికి పోవాలి. కాలేయం దొరికిందని ఫోన్ వచ్చిన రోజునే ఊరి మీద 16 అంగుళాల మంచు పడి దారులన్నీ మూసుకుపోయాయి. జనం పారలు పట్టుకుని వచ్చి, చర్చి పార్కింగ్ స్థలంలో మంచు తోడి, హెలికాప్టర్ దిగేందుకు చోటు చేశారు. మీ ఇద్దరికీ గుర్తుండిపోయింది ఆ పారలు, ఆ హెలికాప్టరే అయ్యుంటుంది.

నాకు గుర్తున్నది గుమ్మం. జుట్టు కత్తిరించే ఆవిడ పేపర్లో వాళ్ల కష్టం చదివి, చుట్టరికం లేదు, పరిచయం లేదు, డబ్బు కవరు పట్టుకుని వాళ్లింటికి వస్తుంది. ఆవిడేమీ దేవత కాదు. తాగుడు అలవాటుంది, కన్నకొడుకే మాట్లాడడు. తలుపు తీసిన ఆ తండ్రి మొహం చూశారా? లోపలికి రమ్మనాలో వద్దో తెలియదు, కవరు తీసుకుంటే ఏమవుతుందో తెలియదు. సినిమా తీసినవాళ్లు ఆ ఇబ్బందిని దాటెయ్యకుండా కాసేపు ఆపి చూపించారు. అందుకే అది నాకు నచ్చింది. ఆ మొహం నేను మా ఇంట్లో చూశాను కూడా.

"ఇంటి గుట్టు లంకకు చేటు" అని మన సామెత. మా అమ్మ, అంటే మీ తాతమ్మ, రోజుకు రెండుసార్లయినా అనేది. ఇంట్లో సంగతి బయట చెప్పకూడదు, చెబితే పరువు పోతుంది. విభీషణుడు గుట్టు విప్పాడు గనక లంక కూలిందట. రావణుడు చేసిన పనికి కూలిందేమోనని నేనొకసారి అంటే, గరిటె చూపించింది.

1972లో నాకు పదకొండేళ్లు. ఇప్పుడు మీరు బీఆర్‌టీఎస్ రోడ్డు అంటున్నారే, అప్పుడక్కడ రైలు పట్టాలుండేవి. దానికి కాస్త ఇవతల వరసగా పది పెంకుటిళ్లు, అందరికీ కలిపి ఒకటే మునిసిపల్ కుళాయి. మా నాన్న లారీ డ్రైవరు. మార్చి నెలలో గుంటూరు నుంచి మద్రాసుకు మిరప బస్తాలు తీసుకువెళ్తుంటే చిలకలూరిపేట దాటాక లారీ బోల్తా పడింది. కాలు రెండు చోట్ల విరిగింది. ఐదు నెలలు మంచం. లారీ యజమాని ఒకే ఒక్కసారి అరడజను బత్తాయిలు తెచ్చి, నాన్న తల దగ్గర పెట్టి, ఫ్యాను ఎందుకు తిరగట్లేదని అడిగి వెళ్లాడు. కరెంటు బిల్లు కట్టలేదు కాబట్టి తిరగట్లేదని ఎవరూ చెప్పలేదు.

ఏప్రిల్ నాటికి ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. అమ్మ ఎవరికీ చెప్పలేదు. వండని రోజున కూడా అన్నం గిన్నె కుళాయి దగ్గరికి తెచ్చి అందరి ముందూ తోమేది. నిజంగా ఎవరికీ తెలిసేది కాదేమో. గంజే పట్టిచ్చింది.

అప్పట్లో అన్నం వార్చి గంజి తీసేవాళ్లం. ఎదురింటి పిన్ని వాళ్లది చిన్న సంసారం, ఆ కాస్త గంజి చాలక, బాబాయి ఆఫీసు చొక్కాలకు పెట్టడానికి మా గంజి పట్టుకెళ్లేది. ఒకరోజు కొడుకును చెంబిచ్చి పంపితే అమ్మ "ఒలికిపోయిందమ్మా" అంది. మర్నాడూ ఒలికిపోయిందనే అంది. మూడో రోజు పిన్ని పిల్లాణ్ని పంపలేదు. తనే వచ్చింది. చేతిలో చెంబు లేదు, చేటలో మినప్పిండి ఉంది.

"నడుం పట్టేసింది అక్కయ్యా, అప్పడాలు ఒత్తిపెట్టవూ? ఊరికే వద్దు, బయట ఎంతిస్తారో అంతే ఇస్తాను" అంది.

గంజి ఊసు ఎత్తలేదు. అమ్మ ఆ రోజంతా అప్పడాలు ఒత్తింది. ఆ సాయంత్రం మా ఇంట్లో అన్నం ఉడికింది. వారం తర్వాత నేను వాళ్ల డాబా ఎక్కితే పిన్ని వంగి, మోకాళ్ల మీద కూర్చుని, తన అప్పడాలు తనే ఎండబెట్టుకుంటోంది. పరుగున వచ్చి అమ్మకు చెప్పాను, పిన్నికి నడుం నొప్పేమీ లేదని. "నోరు మూసుకో" అంది అమ్మ. తనకు మొదటి రోజే తెలుసు.

ఆ తర్వాత ఒక్కొక్కటే మొదలైంది. కిరాణా శెట్టిగారు పద్దు పెరుగుతున్నా మాట్లాడడం మానేశారు. రిక్షా తొక్కే తాత ప్రతి శుక్రవారం నాన్నను కట్టు మార్పించడానికి తీసుకెళ్లి తెచ్చేవాడు, "అటే పోతున్నా కదా" అనేవాడు. ఆయన అటు పోయేవాడు కాదు. పిన్ని పదిళ్లూ తిరిగి చెప్పిందని మాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. అమ్మ దాచుకున్న గుట్టును పిన్ని ఊరంతా చెప్పేసిందన్నమాట. సామెత ప్రకారం మా లంక ఆ వేసవిలోనే కూలాలి.

ఈ సంగతంతా నాకు మళ్లీ గుర్తొచ్చింది, నేను టీచరుగా చేస్తున్న రోజుల్లో కేబుల్ టీవీలో ఒక పాత ఇంగ్లీషు సినిమా చూసినప్పుడు. పేరు 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'. ఫ్రాంక్ కాప్రా 1946లో తీశాడు. నలుపు తెలుపుల బొమ్మ, చిన్నా, నువ్వు పది నిమిషాల్లో ఫోన్ తీస్తావు. అయినా ఓపిక పట్టు.

జార్జ్ బెయిలీ అనే మనిషి చిన్న ఊళ్లో, పేదవాళ్లకు ఇళ్లకోసం అప్పులిచ్చే చిన్న సంస్థ నడుపుతుంటాడు. మతిమరుపు బాబాయి ఒకరోజు 8,000 డాలర్లు పొరపాటున న్యూస్‌పేపర్లో మడిచి, ఊళ్లోని ధనవంతుడు పాటర్ చేతిలోనే పెట్టేస్తాడు. పాటర్ చూసి దాచేస్తాడు. జార్జ్ జైలుకు పోవాలి. ఇప్పుడు అతను చేసిన పని చూడండి: ఊరంతటినీ వదిలేసి ఒక్క పాటర్ దగ్గరికే పోయి చెయ్యి చాస్తాడు! మేలు పొందినవాళ్లు వందమంది ఉన్నారు, వాళ్లలో ఒక్కరికీ చెప్పడు. మనమూ అంతే. అయినవాళ్లకు చెప్పడానికి మొహం చెల్లదు, వడ్డీవాడి దగ్గరికి మాత్రం పోతాం. పాటర్ పొమ్మంటాడు. ఆ రాత్రి జార్జ్ తను పుట్టకపోయినా బాగుండేదనుకుంటూ వంతెన మీద నిలబడతాడు. అక్కడ ఒక ముసలి దేవదూత వచ్చి చేసే తమాషా అంతా మీరే చూడండి, చెబితే పోతుంది.

నేను చెప్పదలచుకున్నది అతని భార్య మేరీ గురించి. కథ అంతా జార్జ్ చుట్టూ తిరుగుతుంటే, తెర వెనుక మేరీ కొందరికి విషయం చెబుతుంది. వాళ్లు ఏమీ అడక్కుండా ఊరంతా తిరిగి డబ్బు పోగుచేస్తారు. ఆమె తిరిగిన ఆ ఇళ్లను కాప్రా మనకు చూపించనే లేదు. నాకు ఆయన మీద ఉన్న ఫిర్యాదు అదొక్కటే. మా పిన్ని పదిళ్లు తిరగడం నేనూ చూడలేదులెండి.

ఆ చివరి సీన్లో మీకు ఏడుపొస్తుంది, నాకూ వస్తుంది. ఎందుకొస్తుందో ఒకసారి ఆలోచించాను. డబ్బు తెచ్చిన ప్రతివాళ్లనీ మనం రెండు గంటల నుంచి ఎరుగుదుం. మందుల షాపు గోవర్ ఉన్నాడా, అతను కొడుకు పోయిన దుఃఖంలో మందుకు బదులు విషం కలిపితే, చిన్నప్పటి జార్జ్ దెబ్బలు తిని కూడా ఆ పొట్లం ఇవ్వకుండా ఆపాడు. వంటమనిషి ఆనీ, ఎప్పుడైనా మొగుడు దొరికితే విడాకులకు పనికొస్తుందని దాచుకున్న డబ్బు తెచ్చి పోస్తుంది. లెక్కలు తనిఖీ చేయడానికి వచ్చిన ఆఫీసరు కూడా జేబులోంచి తీసి వేస్తాడు. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం ఉంటుంది చూడండి, ఎవరు ఎంత చదివించారో రాసి, వాళ్లింట్లో శుభకార్యానికి అంతకు తగ్గకుండా తిరిగి పెడతాం. కాప్రా కూడా మొదటి రీలు నుంచీ ఆ పుస్తకం రాస్తూనే వచ్చాడు, మనకు కనపడకుండా.

ఇంకో సంగతి, పాటర్‌కు శిక్ష పడదు. డబ్బు తిరిగివ్వడు కూడా. చిన్నా, నీకిది నచ్చదని తెలుసు. నాకు మాత్రం, బత్తాయిలు తెచ్చిన లారీ యజమాని గుర్తొచ్చి, నిజమే అనిపించింది.

విడుదలైనప్పుడు ఆ సినిమాకు నష్టమే వచ్చింది. 1974లో హక్కులు పొడిగించుకోవడం మరిచిపోతే, టీవీ వాళ్లు ఖర్చు లేదు కదా అని ప్రతి క్రిస్మస్‌కూ వేశారు. అలా ఇంటింటికీ దగ్గరైంది.

అన్ని సినిమాల్లోనూ ఇలా జరగదు. 'బైసికిల్ థీవ్స్' అని 1948 నాటి ఇటలీ సినిమా ఉంది, డి సికా తీశాడు. భార్య దుప్పట్లు తాకట్టుపెట్టి విడిపించిన సైకిలు, ఉద్యోగం మొదటిరోజే పోతుంది. స్నేహితుడు చెత్త బండ్లవాళ్లను వెంటేసుకుని తెల్లవారుజామునే సంతలో వెతికిస్తాడు. దొరకదు. చివరికి తండ్రి తనే ఇంకొకరి సైకిలు దొంగిలించి పట్టుబడతాడు. ఆ సైకిలు సొంతదారు ఏడుస్తున్న పిల్లాణ్ని చూసి, పోనివ్వండి అంటాడు. నలుగురూ కూడి చేసిందేమీ లేదు, ఒక్కడు మెడ మీద చెయ్యి తీశాడు, అంతే. మీరింకా చిన్నవాళ్లు, పదో తరగతి అయ్యాక చూద్దురుగాని.

మన తెలుగులో 2004లో వచ్చిన 'ఆ నలుగురు' మీ అమ్మకు ఇష్టం. రాజేంద్రప్రసాద్ అంత నిదానంగా నటించగలడని అప్పటిదాకా నాకు తెలియదు. మంచి మనిషి పోయాక ఊరంతా కదిలొస్తుంది. నేనూ ఏడ్చాను. కానీ అంతమంది ఉన్నవాడు బతికుండగా ఒక్కరితోనైనా తన బాధ చెప్పుకోలేదే అని ఇప్పటికీ ఆ కథ మీద కోపమే.

ఇక చిన్నా మాట. సినిమాల్లోనే జరుగుతాయా? 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చి వేలమంది పోయినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లోకి వచ్చి విరాళాలు పోగుచేశారు. మీ తాతమ్మ తనకున్న మంచి చీరలు మూడింటిలో ఒకటి ఇచ్చేసింది. మొన్న 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగాయి కదా. బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. డ్రోన్లు పొట్లాలు జారవిడవడం మీరు టీవీలో చూశారు. మా వీధివాళ్లం పులిహోర కలిపి సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా మోసుకుపోయాం. అక్కడ పై అంతస్తులవాళ్లు, కింద మునిగిన ఇళ్లవాళ్లను లోపలికి తీసుకున్నారు. వాళ్లలో కొందరికి అంతవరకూ ఒకరి పేరొకరికి తెలియదట, నీకూ మీ పక్క ఫ్లాట్ అంకుల్‌కూ లాగానే.

సినిమా అబద్ధమాడేది ఒక్క విషయంలో. అక్కడ అంతా ఒక రాత్రిలో అయిపోతుంది. మా నాన్న పడిన మొదటి నెల ఇంటినిండా మనుషులే. మూడో నెలకు పలచబడ్డారు. కోపం లేదు, ఎవరి సంసారం వాళ్లది. ఐదో నెల దాకా వచ్చింది పిన్ని, శెట్టిగారి పద్దు, శుక్రవారం రిక్షా. మూడో నెలను ఎవరైనా సినిమాగా తీస్తారేమోనని చూస్తున్నాను. అందులో పాటలు పెట్టడం కష్టమనుకుంటా.

నాన్న మళ్లీ లారీ ఎక్కాక అమ్మ ఒక పొడుగాటి ఖాతా పుస్తకం తీసింది. ఎవరెవరు ఏమిచ్చారో అన్నీ పెన్సిలుతో రాసి పెట్టుకుందని అప్పుడు తెలిసింది. శెట్టిగారి పద్దు, పక్కింటివాళ్ల కిరసనాయిలు, నా పుస్తకాలు, రిక్షా పద్ధెనిమిది సార్లు. ఒక్కొక్కటే తీర్చి గీత కొట్టడానికి మూడేళ్లు పట్టింది. రిక్షా తాత డబ్బు తీసుకోకపోతే పంచె కొనిచ్చి కొట్టేసింది. పిన్ని పేరు వెతికాను. అప్పడాల కూలి తను కష్టపడి సంపాదించిందే కాబట్టి రాయలేదు.

ఆ పుస్తకం ఇప్పుడు నా బీరువాలో ఉంది. వేసవి సెలవులకు వచ్చినప్పుడు చూపిస్తాను, అక్షరాలు బాగా వెలిసిపోయాయి, బుజ్జి కళ్లద్దాలు మరిచిపోకుండా తెచ్చుకోవాలి. చివరి పేజీలో అడుగున ఒక్క పద్దు ఉంది: "ఎదురింటి చెల్లెలికి రెండు రోజుల గంజి." దాని మీద గీత లేదు.

మీ
అమ్మమ్మ