ఆయుధాల క్యూఆర్ రాయడం: అపోహలు - వాస్తవాలు

సేనలు తమకు కావలసిన ఆయుధం ఎలా ఉండాలో రాసే క్వాలిటేటివ్ రిక్వైర్‌మెంట్ల పత్రాన్ని మా రంగంలో క్యూఆర్ అంటాం.

అపోహ: క్యూఆర్ ఎంత కఠినంగా ఉంటే అంత మంచి ఆయుధం దక్కుతుంది.

వాస్తవం: వేర్వేరు కంపెనీల బ్రోచర్లలోని మేలైన గుణాలన్నీ ఏరి ఒకే పత్రంలో చేరిస్తే, అలాంటి ఆయుధం ఎవరి దగ్గరా దొరకదు. బ్యారెల్ మార్చి 5.56 మి.మీ., 7.62 మి.మీ. తూటాలు రెండూ కాల్చగల రైఫిల్ కోసం మన సైన్యం 2011లో టెండరు పిలిచింది. ఏ కంపెనీ రైఫిలూ ఆ ప్రమాణాలను అందుకోలేక 2015లో అది రద్దయింది. సంప్రదాయ యుద్ధానికి ఒక తూటా, ఉగ్రవాదులతో పోరుకు మరొకటి ఉండాలన్న ఆలోచనలో తర్కం ఉంది. అయితే అసలు అవసరం ఒక్కో పనికీ తగిన ఆయుధం ఉండటమే. ఆ రెండూ ఒకే తుపాకీతో జరగాలనడం ముందే ఎంచుకున్న పరిష్కారం. ఈ తేడా గుర్తించకపోతే నష్టపోయేది పాత రైఫిల్‌తోనే కాపలా కాసే జవాను. 2020 నాటి రక్షణ కొనుగోళ్ల విధానం తప్పనిసరి ప్రమాణాలను అదనపు సామర్థ్యాల నుంచి వేరుచేయడం ఇందుకే నాకు సరైనదనిపిస్తుంది.

అపోహ: సీనియర్ అధికారులను అడిగితే అవసరాలన్నీ తెలిసిపోతాయి.

వాస్తవం: ఆయుధాన్ని నడిపే జవాను, మరమ్మతు చేసే ఈఎంఈ (సైన్యపు మరమ్మతు విభాగం) మెకానిక్, డిపోలో నిల్వచేసే సిబ్బంది కూడా వినియోగదారులే. ‘బ్యాటరీ సులువుగా మార్చగలగాలి’ అన్న వాక్యాన్ని ఏ పరీక్షా రుజువు చేయజాలదు. మందపాటి గ్లవ్స్ తొడుక్కున్న ఒక్క మనిషి, గడ్డకట్టే చలిలో, చీకట్లో, ఎన్ని నిమిషాల్లో మార్చాలో రాసినప్పుడే డిజైనరుకూ పరీక్షాధికారికీ ఒకే అర్థం అందుతుంది.

అపోహ: ఒకసారి ఖరారైన క్యూఆర్‌ను ఇక ముట్టుకోకూడదు.

వాస్తవం: అర్జున్ ట్యాంకుకు 1972లో క్యూఆర్ రూపొందింది, తొలి ఉత్పత్తి ట్యాంకులు 2004లో సైన్యానికి అందాయి. అన్నేళ్లలో శత్రువు కవచమూ తూటాలూ మారుతుంటే పత్రం మారకుండా ఉండలేదు. కానీ గన్ మారితే టరెట్ (గన్‌ను మోస్తూ తిరిగే పైభాగం), టరెట్ మారితే బరువు, బరువు పెరిగితే ఇంజిన్, చివరికి వంతెనలూ రైలు వ్యాగన్లూ లెక్కలోకి వస్తాయి కనుక, ప్రతి మార్పుకూ కారణం, ఖర్చు, పట్టే కాలం రాసి సంతకాలు తీసుకోవాలి. ఎడారి కోసం కొన్న, ట్యాంకులా తానే కదిలే కే-9 వజ్ర ఫిరంగులను 2021లో తూర్పు లద్దాఖ్‌కు తరలించినప్పుడు బ్యాటరీలకూ నూనెలకూ చలిని తట్టుకునే ప్రత్యేక ఏర్పాట్లు చేయవలసి వచ్చింది. అందుకే ప్రతి నిబంధన పక్కనా అది ఏ ప్రాంతానికి ఉద్దేశించినదో రాయాలని సమీక్షల్లో పట్టుబడతాను.