మాత్రలు ముందొచ్చాయి, హెరాయిన్ తర్వాత: హంటింగ్టన్ నేపథ్యం

మన ఊళ్లలో రోటరీ, లయన్స్ క్లబ్బులంటే కంటి శిబిరాలు, రక్తదానాలు, వేసవిలో చలివేంద్రాలు గుర్తొస్తాయి. ఇవి పుట్టింది అమెరికాలో. రోటరీ 1905లో షికాగోలో, కివానిస్ 1915లో డెట్రాయిట్‌లో, లయన్స్ 1917లో మళ్లీ షికాగోలో మొదలయ్యాయి. అక్కడి చిన్న పట్టణాల్లో బ్యాంకు మేనేజరు, డాక్టరు, మందుల షాపు యజమాని, స్కూలు ప్రిన్సిపాల్ ఒక బల్ల చుట్టూ కూర్చుని భోంచేస్తారు, ఒక అతిథి మాట్లాడతారు. కొన్నేళ్లుగా చాలా చోట్ల ఆ అతిథి అగ్నిమాపక అధికారో, వ్యసనం నుంచి కోలుకుంటున్న మనిషో అవుతున్నారు. వాళ్లు తెచ్చేది నాలోక్సోన్ స్ప్రే. మత్తు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్న మనిషి ముక్కులో దాన్ని ఎలా కొట్టాలో చూపిస్తారు.

భోజనాల బల్ల మీదికి ఆ స్ప్రే ఎలా వచ్చిందో తెలియాలంటే వెస్ట్ వర్జీనియాలోని హంటింగ్టన్ సంగతి చూడాలి. ఒహాయో నది ఒడ్డున, రైల్వే కోసం 1871లో కట్టిన ఊరు. 1950లో 86 వేల జనాభా ఉండేది. బొగ్గు, ఉక్కు పనులు తగ్గాక ఇప్పుడు 50 వేలు కూడా లేరు. గనుల్లో, రైలు యార్డుల్లో నడుం విరిగేలా పనిచేసిన మనుషులున్న ప్రాంతం అది. నొప్పి అక్కడ నిజమైనది. ఈ కథలో జనం తరచూ మరిచిపోయేది ఇదే.

1980లో ఒక ప్రసిద్ధ అమెరికన్ వైద్య పత్రికకు ఇద్దరు పరిశోధకులు చిన్న ఉత్తరం రాశారు. ఆసుపత్రిలో నార్కోటిక్ మందులు (మార్ఫిన్ తరహా మత్తునిచ్చే నొప్పి మందులు) తీసుకున్న 11,882 మందిలో నలుగురికే వ్యసనం కనబడిందన్నది దాని సారాంశం. వాళ్లంతా ఆసుపత్రిలో నర్సుల కళ్లెదుట ఉన్న రోగులు. ఇంటికి నెలనెలా మాత్రలు తీసుకెళ్లే మనిషి గురించి ఆ ఉత్తరం ఏమీ చెప్పలేదు. అయినా తర్వాతి ఏళ్లలో దాన్ని వందలసార్లు ఉదహరించారు, నొప్పి మందులతో వ్యసనం అరుదన్నది వైద్య సత్యంలా స్థిరపడింది. 1996లో పర్డ్యూ ఫార్మా అనే కంపెనీ ఆ తరహాదే అయిన ఆక్సికాంటిన్ మాత్రను మార్కెట్లోకి తెచ్చింది. మందు నెమ్మదిగా విడుదలవుతుంది కనుక దుర్వినియోగం తక్కువని ప్రచారం చేసింది. వ్యసనం ముప్పు ఒక్క శాతం కన్నా తక్కువని కంపెనీ మనుషులు డాక్టర్లకు చెప్పారు. 2007లో కంపెనీ, ముగ్గురు అధికారులు కోర్టులో నేరం ఒప్పుకున్నారు. మొత్తం 60 కోట్ల డాలర్లకు పైగా చెల్లించారు. అప్పటికి పదకొండేళ్లు గడిచాయి.

ఆ ఏళ్లలో మాత్రలు ఎలా ప్రవహించాయో వెస్ట్ వర్జీనియా విలేఖరి ఎరిక్ ఐర్ లెక్కలతో బయటపెట్టారు, 2017లో పులిట్జర్ పత్రికా పురస్కారం పొందారు. 2007 నుంచి 2012 దాకా, 18 లక్షల జనాభా ఉన్న ఆ రాష్ట్రానికి 78 కోట్ల నొప్పి మాత్రలు చేరాయి. అదే కాలంలో ఆ మందుల వల్ల 1,728 మంది చనిపోయారు. సుమారు 400 మంది ఉండే కర్మిట్ అనే ఊళ్లో ఒకే ఒక్క మందుల షాపుకు రెండేళ్లలో దాదాపు 90 లక్షల మాత్రలు వచ్చాయి. హోల్‌సేల్ కంపెనీ రవాణా చేసింది, డాక్టరు రాశాడు, షాపు అమ్మింది. సందుల్లో దొంగచాటుగా జరిగిన వ్యాపారం కాదిది. రసీదులున్నాయి, లైసెన్సులున్నాయి. వారం వారం క్లబ్బు భోజనానికి వచ్చే వృత్తుల వాళ్ల చేతుల మీదుగానే చాలా వరకు నడిచింది. అందుకే ఆ సమావేశాల్లో ఈ మాట ఎత్తడానికి అంత కాలం పట్టిందని నా అభిప్రాయం.

2010లో ఆక్సికాంటిన్‌ను మత్తు కోసం నలగ్గొట్టి పీల్చడానికి వీల్లేకుండా మార్చారు. మాత్రల మీద నిఘా పెరిగింది. కానీ అప్పటికే అలవాటు పడ్డవాళ్లకు చికిత్స సిద్ధంగా లేదు. సరఫరా తగ్గించి, వైద్యం ఇవ్వకుండా వదిలేశారు. వాళ్లు హెరాయిన్ వైపు మళ్లారు. 2013 తర్వాత హెరాయిన్ కన్నా బలమైన ఫెంటానిల్ అనే మత్తుమందు వచ్చి కలిసింది.

2016 ఆగస్టు 15న హంటింగ్టన్‌లో కొన్ని గంటల్లోనే 26 మందికి ఓవర్‌డోస్ అయింది. అంబులెన్స్ సిబ్బంది ఇంటింటికీ పరుగెత్తి చాలామందిని బతికించారు. ఆ ఘటనలో ఆసుపత్రుల నుంచి బయటపడ్డవాళ్లను వ్యసన చికిత్సకు పంపలేదని తర్వాతి పరిశీలనలో తేలింది. ప్రాణం నిలిపి మళ్లీ అదే వీధిలోకి వదిలారు. ఆ ఊరిని నిజంగా కదిలించింది ఈ రెండో విషయమే. 2017 చివర్లో ‘క్విక్ రెస్పాన్స్ టీమ్’ మొదలైంది. పారామెడిక్, కౌన్సెలర్, పోలీసు, ఒక్కోసారి పాస్టరు కలిసి, ఓవర్‌డోస్ నుంచి బతికిన మనిషి ఇంటికి 72 గంటల్లోపు వెళ్లి తలుపు కొడతారు. ఆరోజు వద్దంటే మరో వారం వెళ్తారు. అగ్నిమాపక శాఖ అధిపతిగా పనిచేసిన జాన్ రేడర్ దేశమంతటికీ తెలిసిన ముఖమయ్యారు. మత్తుకు లోబడిన తల్లులకు పుట్టిన పసికందుల కోసం లిలీస్ ప్లేస్ అనే సంరక్షణ కేంద్రం 2014లోనే తెరుచుకుంది.

క్లబ్బులు చేయగలిగింది వీటితో పోలిస్తే చిన్నదే, కానీ అవసరమైనది. లయన్స్ 1980ల నుంచే బడుల్లో పిల్లలకు జీవన నైపుణ్యాలు నేర్పే లయన్స్ క్వెస్ట్ కార్యక్రమం నడుపుతోంది. రోటరీలో వ్యసన నివారణకు ప్రత్యేకంగా ఒక యాక్షన్ గ్రూప్ ఉంది. ఇంట్లో మిగిలిన మాత్రలు తిరిగి తీసుకునే రోజును అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ 2010లో మొదలుపెట్టింది. అలాంటి రోజున బల్లలు వేసి మాత్రలు సేకరించడానికి సాయం చేసే క్లబ్బులున్నాయి. 2023 మార్చిలో నార్కాన్ పేరుతో వచ్చే నాలోక్సోన్ స్ప్రేను డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి వచ్చింది. శిక్షణ పొందిన ప్రతి సభ్యుడి కారులో అది ఉండాలని కోరడం అతి కాదు. పిల్లలకు ‘వద్దని చెప్పండి’ అనే ఉపన్యాసాల కన్నా ఆ పది నిమిషాల శిక్షణ ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. ఇంకోటి, ఎవరో సభ్యుడు లేచి “మా అబ్బాయి” అని మొదలుపెట్టగలిగిన గదిలో సిగ్గు కొంత తగ్గుతుంది. సిగ్గు తగ్గితేనే చికిత్సకు వచ్చేవాళ్లు పెరుగుతారు.

ఈ కథను మన వైపు నుంచి చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వెస్ట్ వర్జీనియా ఉన్న అపలాచియా కొండ ప్రాంతపు పట్టణాల ఆసుపత్రుల్లో తెలుగు డాక్టర్లూ పనిచేస్తున్నారు, కాబట్టి ఈ వార్తలు మన ఇళ్లకూ వస్తాయి. అవి విని మార్ఫిన్ పేరెత్తితేనే భయపడకూడదు. భారత్‌లో 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం వల్ల క్యాన్సర్ రోగులకు మార్ఫిన్ దొరకడమే కష్టమైంది. 2014 సవరణతో కొంత సడలింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించే వైద్యం అందుతున్నా, జిల్లాల్లో ఇప్పటికీ చాలామందికి అది అందడంలేదు. మరోవైపు ట్రమడాల్ అనే నొప్పి మందు విచ్చలవిడిగా దొరుకుతుంటే 2018లో అదే చట్టం కిందికి తెచ్చారు. ఒకే తరహా మందులు ఒక చోట అందక, ఒక చోట అతిగా అంది మనుషులు బాధపడుతున్నారు.

వెస్ట్ వర్జీనియాలో ఇప్పుడు చర్చ డబ్బు గురించి. మాత్రల కంపెనీల మీద వేసిన కేసుల్లో కుదిరిన ఒప్పందాల నుంచి వచ్చే సొమ్ములో 72.5 శాతం దాన్ని పంచడానికి పెట్టిన ‘వెస్ట్ వర్జీనియా ఫస్ట్ ఫౌండేషన్’కు, 24.5 శాతం స్థానిక ప్రభుత్వాలకు, 3 శాతం రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయానికి పోతుంది. పోలీసు వాహనాలకు ఎంత, చికిత్స పడకలకు ఎంత, పిల్లలను పెంచుతున్న తాతలకూ నాయనమ్మలకూ ఎంత అన్నది కౌంటీ సమావేశాల్లో తేలుతోంది. క్లబ్బు సభ్యులకు ఆ సమావేశాల్లో కూర్చునే పరపతి ఉంది. వ్యసనంతో కుదేలైన కుటుంబాలకు అది లేదు.